బుట్ట చూసి రోబోను కొనండి

పూల్ శుభ్రం చేసే రోబో ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే నేను మోడల్ పేరు చెప్పను. మీ పూల్‌లో ఏం పడుతుంది అని ఎదురు ప్రశ్న వేస్తాను. పొడవు, వెడల్పు, లోతు అందరూ గడగడా చెప్పేస్తారు. టైల్స్ రంగు కూడా చెప్తారు. ఈ ప్రశ్నకు మాత్రం "ఏముంటుందండీ, చెత్తే కదా" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఆ చెత్త ఎలాంటిదో తేలకుండా రోబోల గురించి మాట్లాడుకోవడం దండగ అని నా అభిప్రాయం. గోడలు ఎక్కుతుందా, ఫోన్‌లో యాప్ ఉందా, పూల్ మ్యాపు గీసుకుంటుందా అన్న చర్చంతా ఆ తర్వాతది. అందులో కొంత అసలు అక్కర్లేనిది కూడా.

పక్కనే పెద్ద చెట్టుంటే ఆకులు, పూలు, పుల్లలు, గింజలు పడతాయి. చుట్టూ ఖాళీ నేల ఉంటే గాలికి సన్నటి మట్టి వచ్చి అడుగున పొరలా పరుచుకుంటుంది. పిల్లలు రోజూ దిగే పూల్ అయితే వెంట్రుకలు, సన్‌స్క్రీన్, ఒంటి జిడ్డు, కాళ్లకు అంటుకొచ్చే గడ్డి. ఆకులకైతే రోబో నోరు పెద్దదిగా, బుట్ట లోతుగా ఉండాలి. ధూళికైతే వడపోత సన్నగా ఉండాలి. జిడ్డుకైతే బ్రష్ మంచిదై, నీటి అంచు దాకా ఎక్కి రుద్దగలగాలి. మూడు పనులూ సమానంగా చేస్తుందని పెట్టె మీద రాసి ఉండొచ్చు. నేను నమ్మను. పెద్ద నోరు, సన్నటి వడపోత ఒకదానికొకటి అడ్డం వచ్చే గుణాలు. ఎందుకో కింద చెప్తాను.

కొనే ముందు ఓ వారం పాటు నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్ బుట్టలోనూ, పంపు ముందుండే బుట్టలోనూ ఏం పోగవుతోందో గమనించండి. పొద్దున్నే, ఎవరూ దిగకముందు, అడుగు కూడా చూడండి. పొడవాటి కర్రకున్న బ్రష్‌తో ఒకసారి కదిపితే చాలు, చాలా తెలుస్తుంది. పొగలా లేచి నీళ్లలో కలిసిపోతే అది సన్నటి ధూళి, లేదంటే చచ్చిన నాచు. లేవకుండా పక్కకు దొర్లితే ఇసుక. గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు జారుతోందంటే మీకు ముందు కావాల్సింది రోబో కాదు, క్లోరిన్. ఈ పరిశీలనకు రూపాయి ఖర్చు లేదు కానీ, దీన్ని చేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

నా అసలు వాదన ఇది. రోబోలో ముఖ్యమైన భాగం దాని ఫిల్టర్ బుట్ట. మోటార్లు, చక్రాలు, సెన్సార్లు అన్నీ కలిసి ఆ బుట్టను పూల్ అంతా మోసుకు తిరిగే బండి. బుట్ట సరైనది కాకపోతే బండి ఎంత తెలివిగా తిరిగినా ఒరిగేదేమీ లేదు.

లోపల జరిగేది చాలా సాదా పని. ఒక చిన్న పంపు మోటారు అడుగు నుంచి నీళ్లు లాగి, బుట్ట గుండా పంపి, పైనుంచి వదిలేస్తుంది. చెత్త బుట్టలో ఆగుతుంది. నీళ్లు తిరిగి పూల్‌లోకే పోతాయి. అంటే రోబో లాగే నీళ్లకు, మీ పంపు గదిలో ఉన్న పెద్ద ఫిల్టర్‌కు నేరుగా సంబంధం లేదు. బుట్టలో ఆగనిది ఏదైనా మళ్లీ పూల్‌లోనే తేలుతుంది, కాకపోతే ఇదివరకు అడుగున ఒకచోట ఉన్నది ఇప్పుడు నీళ్లంతా కలిసి ఉంటుంది. "రోబో తిరిగాక నీళ్లు ఇంకా మసకబారాయి" అని కొందరు ఫిర్యాదు చేసేది ఇందుకే. రోబో పాడవలేదు. దాని జల్లెడ రంధ్రాలు ఆ ధూళి కంటే పెద్దవి, అంతే.

ఇక్కడ మైక్రాన్ల లెక్క తప్పదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారుగా 70 మైక్రాన్లు. రోబోలతో మామూలుగా వచ్చే మెష్ బుట్టల రంధ్రాలు 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటాయి. సన్నవి అని విడిగా అమ్మేవి 50, 60 దగ్గర ఉంటాయి. ఇంకా సన్నవీ దొరుకుతాయి. పోల్చి చూడాలంటే, పూల్‌కు వాడే ఇసుక ఫిల్టర్ 20 నుంచి 40 మైక్రాన్ల కణాలను ఆపుతుంది, కార్ట్రిడ్జ్ ఫిల్టర్ 10 నుంచి 20 దాకా ఆపుతుంది. చచ్చిన నాచు పొడి అయితే కొన్ని మైక్రాన్లే. మామూలు బుట్ట లోంచి అది హాయిగా బయటికి వచ్చేస్తుంది. అలాంటి పూల్‌లో రోబోను ఎన్ని గంటలు తిప్పినా లాభం లేదు. ఆ పొడిని అడుగున నెమ్మదిగా దిగనిచ్చి, చేత్తో వాక్యూమ్ పట్టి, ఫిల్టర్‌లోకి పంపకుండా నేరుగా బయటికి వదిలేయడమే దారి. కొన్ని నీళ్లు పోతాయి, మళ్లీ నింపుకోవాలి.

మరైతే అందరూ అన్నిటికంటే సన్నటి బుట్టే కొనేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే మెలిక ఉంది. రంధ్రం సన్నబడే కొద్దీ బుట్ట త్వరగా పూడిపోతుంది. పూడితే నీటి ధార తగ్గుతుంది. ధార తగ్గితే లాగే శక్తి పోతుంది, గోడ ఎక్కే శక్తి కూడా పోతుంది. ఆకులు రాలే పూల్‌లో సన్నటి బుట్ట పెడితే నాలుగు ఆకులు వచ్చి మెష్‌కు అతుక్కోగానే ఆ రోబో అడుగున ఊరికే షికారు చేసే బొమ్మ అయిపోతుంది. అందుకే ఆకులకు వదులు బుట్ట, ధూళికి సన్న బుట్ట. రెండూ పడే పూల్ అయితే మార్చుకోవడానికి రెండు బుట్టలూ వచ్చే మోడల్, లేదా ఒకదానిలో ఒకటి దూరే జంట బుట్ట ఉన్న మోడల్. స్పెసిఫికేషన్లలో మైక్రాన్ల సంఖ్యే రాయని కంపెనీలున్నాయి. "అల్ట్రా ఫైన్" అని మాత్రం రాస్తారు. ఆ మాటకు కొలత లేదు. నంబరు అడగండి, చెప్పకపోతే వదిలేయండి.

బుట్ట ఎన్ని లీటర్లు పడుతుందన్నది రెండో నంబరు. దానితో పాటు, కాస్త తక్కువగా మాట్లాడుకునే ఇంకో సంగతి, బుట్టను బయటికి తీసే తీరు. పై మూత తెరిస్తే బుట్ట పైకి వచ్చేవి ఒక రకం. రోబోను వెల్లకిలా తిప్పి, అడుగు పలక ఊడదీసి, గుడ్డ సంచిని బయటికి లాగేవి ఇంకో రకం. రెండో రకం ఇప్పుడు తగ్గిపోతున్నాయి కానీ, చవక మోడళ్లలోనూ, ఎక్కడో స్టాకులో మిగిలిపోయినవాటిలోనూ ఇంకా కనిపిస్తాయి. ఆ సంచిని తిరగేసి, కుట్ల మూలల్లో ఇరుక్కున్న వెంట్రుకలు పీకుతూ కూర్చోవడం ఎవరికీ ఎక్కువ కాలం ఓపిక ఉండే పని కాదు. ఎవరి ఇంట్లోనైనా రోబో మూలన పడిందీ అంటే మోటారు కాలిపోవడం కంటే, బుట్ట కడగడానికి విసుగు పుట్టడమే కారణమని నాకు గట్టి అనుమానం. 

కాబట్టి బుట్ట కడిగేది ఎవరో కొనే ముందే తేల్చుకోవాలి. కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు అయ్యే ఇళ్లు చాలా ఉన్నాయి. చాలా మోడళ్ల బరువు పొడిగా ఉన్నప్పుడు 8 నుంచి 12 కిలోల దాకా ఉంటుంది. నీళ్లలోంచి పైకి లాగే క్షణంలో లోపల నిండిన నీళ్ల బరువు తోడవుతుంది. దాన్ని ఒడ్డు మీద వంగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఎత్తాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నీటి మట్టానికి రాగానే లోపలి నీళ్లు దబదబా కారిపోయేలా పెద్ద రంధ్రాలు పెట్టిన మోడళ్లున్నాయి. నా దృష్టిలో యాప్ కంటే అది పదిరెట్లు విలువైన సౌకర్యం. షాపులో అవకాశం ఉంటే ఎత్తి చూడండి, మూత తీసి చూడండి, బుట్టను తీసి మళ్లీ పెట్టి చూడండి. తడి చేతులతో ఆ గొళ్లెం తీయగలరా అని ఆలోచించండి. ఇంట్లో ఆ పని చేయబోయే మనిషిని కూడా తీసుకెళితే ఇంకా మంచిది.

రోబో చేయని పనులు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా అసంతృప్తి అక్కడి నుంచే పుడుతుంది. నీళ్లు పచ్చబడితే రోబో ఏమీ చేయలేదు. అది క్లోరిన్, పీహెచ్‌ల లెక్క. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ తగినంత ఉండాలి, పంపు తిరుగుతూ ఉండాలి. ఈ మూడూ సరిగ్గా ఉన్న పూల్‌లోనే రోబోకు పని ఉంటుంది. నీటి మీద తేలే ఆకుల జోలికి మామూలు రోబో పోదు. అవి మునిగి అడుగుకు చేరాకే దానికి చిక్కుతాయి, అప్పటిదాకా స్కిమ్మరే దిక్కు. మెట్ల మీద, కూర్చునే అరుగుల మీద చాలా రోబోలు సరిగ్గా ఎక్కలేవు. ఒడ్డు నుంచి నెమ్మదిగా వాలుగా దిగే పూల్‌లో లోతు తక్కువ చోటికి వెళ్లి, నీళ్లకు బదులు గాలి లాగి ఇబ్బంది పడతాయి. అడుగు డ్రెయిన్ మూత ఉబ్బెత్తుగా ఉంటే దాని మీదెక్కి చక్రాలు గాల్లో తిరుగుతూ ఆగిపోయేవీ ఉన్నాయి. మీ పూల్‌లో ఇలాంటి ఆకారాలుంటే, సరిపడకపోతే వెనక్కి తీసుకునే షాపులోనే కొనండి. డెమో వీడియోల్లో పూల్ ఎప్పుడూ నున్నగా, చదునుగా, దీర్ఘచతురస్రంగా ఉంటుంది. 

పంపును ఆపేసి రోబోతో సరిపెట్టుకోవచ్చని కొందరు అనుకుంటారు. కుదరదు. రోబో నీళ్లను కాస్త కలియబెడుతుంది, అంతవరకే. క్రిములను చంపడం, నీళ్లను తిప్పడం దాని పని కాదు.

అసలు రోబోనే ఎందుకు, పాత పద్ధతి క్లీనర్లు సరిపోవా అన్నది న్యాయమైన ప్రశ్న. వాటిని నేను తీసిపారేయను. స్కిమ్మర్‌కు గొట్టం తగిలించి, పూల్ పంపు లాగే శక్తితోనే అడుగున పాకే క్లీనర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిలో పేరు మోసిన క్రీపీ క్రాలీని ఫెర్డినాండ్ షోవియే అనే హైడ్రాలిక్స్ ఇంజనీరు 1974లో దక్షిణాఫ్రికాలో తయారు చేశాడు. దానిలో మోటారు లేదు, కరెంటు లేదు. ఊడి పాడయ్యేవి కొన్ని రబ్బరు ముక్కలే. డాల్ఫిన్ రోబోలు తయారు చేసే మేట్రానిక్స్ 1983లో ఇజ్రాయెల్‌లోని యిజ్రేల్ కిబుట్జ్‌లో (అక్కడి సమష్టి వ్యవసాయ గ్రామంలో) మొదలైంది. అంటే రోబోలు కూడా మొన్న మొన్న వచ్చినవేమీ కాదు. ఇళ్లలోకి పెద్ద ఎత్తున రావడం మాత్రం తర్వాతి సంగతి.

గొట్టం క్లీనర్‌తో నాకున్న పేచీ పంపుతోనే. అది పాకాలంటే పంపు గట్టిగా లాగాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, ఒక హార్స్‌పవర్ పంపు అసలు లాగే కరెంటు అంతకంటే ఎక్కువే. రోబో అయితే 100, 200 వాట్ల మధ్య సరిపెట్టుకుంటుంది. వేగం మార్చుకోగల పంపు ఉన్నవాళ్లకు తేడా ఇంకా పెరుగుతుంది. పంపు వేగం సగానికి తగ్గిస్తే అది తాగే కరెంటు సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ నెమ్మది వేగంలో నీళ్లు రోజంతా చక్కగా తిరుగుతాయి కానీ, గొట్టం క్లీనర్ కదలదు. దాని కోసం వేగం పెంచారా, పొదుపు పోయినట్టే. పైగా చెత్తంతా పంపు బుట్టలోకి, పెద్ద ఫిల్టర్‌లోకి వెళ్తుంది, నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్‌ను కడిగే బ్యాక్‌వాష్ పని పెరుగుతుంది. రోబో అయితే చెత్తను తన దగ్గరే ఉంచుకుంటుంది. మీది ఒకే వేగం పంపు, అది ఎలాగూ రోజూ కొన్ని గంటలు తిరగాల్సిందే, పడే చెత్త తక్కువ అనుకుంటే మాత్రం గొట్టం క్లీనర్ ఇప్పటికీ మంచి బేరమే. 

ఇక ఇళ్లలో వాదనలకు దారితీసే విషయం, ఒడ్డు నుంచి రోబోకు కరెంటు తెచ్చే కేబుల్. నేను కేబుల్ పక్షం. మా బావగారు బ్యాటరీ పక్షం. "ఇంకా ఆ తాడు లాక్కుంటూ తిరుగుతారేంటి బావా" అని ఆయన దెప్పని పండగ లేదు.

ఆయన మాటలో బలం లేకపోలేదు. కేబుల్ మెలికలు పడుతుంది. ఒడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లకు తగులుతుంది. దగ్గరలో సాకెట్ లేని చోట, నేల మీద నిలబెట్టే పూల్స్‌కు బ్యాటరీ రోబో నిజంగా వరమే. కానీ బ్యాటరీ రోబో పనిచేసే సమయానికి ఒక హద్దు ఉంది. చాలా మోడళ్లు గంటన్నర నుంచి మూడు గంటల దాకా నడుస్తాయి, ఆ తర్వాత కొన్ని గంటలు ఛార్జింగ్. చెత్త ఎక్కువ పడిన రోజున, బుట్ట కడిగి వెంటనే ఇంకో రౌండు తిప్పుదామంటే కుదరదు. పెద్ద గాలివాన తర్వాత అవసరం సరిగ్గా అదే. పని అయ్యాక అది గోడ పక్కకు వచ్చి ఆగుతుంది, కొక్కెం తగిలించిన కర్రతో పైకి లాగాలి. మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుని ఛార్జింగ్ అయిపోతే ఆ కర్రతో లోతులో వెతుకులాట. కేబుల్ ఉంటే దాన్ని పట్టుకుని నెమ్మదిగా ఒడ్డు దాకా లాక్కుని, హ్యాండిల్ అందగానే ఎత్తేయొచ్చు. 

అన్నిటికీ మించి బ్యాటరీ అరుగుతుంది. లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యేసరికి మొదటి సామర్థ్యంలో 80 శాతం దగ్గరికి రావడం మామూలు. వారానికి మూడుసార్లు వాడితే ఏడాదికి 150 దాటుతుంది. నీళ్లలో మునిగే వస్తువు కాబట్టి బ్యాటరీని బిగించి మూసేస్తారు, ఫోన్‌కు మార్చినంత తేలిగ్గా మార్చలేం. మారుస్తారా, ఎక్కడ మారుస్తారు, ఎంతవుతుంది అని అడిగి, జవాబు కాగితం మీద ఉంటేనే కొనండి. కేబుల్ రోబోలో ఈ గొడవ లేదు. ఒడ్డు మీదుండే సప్లై పెట్టె ఇంటి కరెంటును 30 వోల్టుల లోపుకు తగ్గించి పంపుతుంది, అదే దాని గుండెకాయ. 

ఆ పెట్టెను నీటి అంచుకు కనీసం 3, 3.5 మీటర్ల దూరంలో పెట్టాలి. మాన్యువల్‌లో ఎంత రాస్తే అంత. ఎండలో, వానలో వదిలేయకూడదు, లీకేజీ కరెంటుకు ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉన్న సాకెట్‌కే తగిలించాలి. వోల్టేజీ తక్కువే కదా అని రోబో తిరుగుతుండగా నీళ్లలోకి ఎవరూ దిగకూడదు. బ్యాటరీ రోబో అయినా ఇదే నియమం. పిల్లలు దాని మీదెక్కి సవారీ చేస్తామంటారు. మా ఇంట్లోనూ అడిగారు. ససేమిరా అన్నాను.

కేబుల్ ఎంత పొడవుండాలన్నది కూడా లెక్క వేసుకోవచ్చు. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న పూల్ అనుకుందాం. పెట్టెను పొడవాటి వైపు మధ్యలో, అంచుకు 3.5 మీటర్ల దూరంలో పెడితే, ఆ మధ్య నుంచి ఎదుటి మూలకు దాదాపు 8.5 మీటర్లు. లోతుకో 2 మీటర్లు. మొత్తం 14. కాబట్టి 15 నుంచి 18 మీటర్ల కేబుల్ చాలు. ఎందుకైనా మంచిదని 30 మీటర్లది కొంటే మిగిలిందంతా నీళ్లలో తేలుతూ మెలికలు పడుతుంది. పెట్టెను పూల్ చివరి గోడ వైపు పెడితే ఈ లెక్కంతా మారిపోతుంది. మెలికలు విడిపోయేలా తిరిగే కీలు కేబుల్‌కు ఉందో లేదో చూడండి. అది లేని మోడల్ అయితే అప్పుడప్పుడూ కేబుల్‌ను ఎండలో తిన్నగా పరిచి ఉంచితే మెత్తబడి మెలికలు వదులుతుంది.

తెలివితేటల విషయానికి వస్తే నేను పిసినారిని. గైరోస్కోపు ఉన్న రోబో తిన్నగా నడుస్తుంది, కేబుల్ పక్కకు లాగినా, చక్రం జారినా దారి సరిచేసుకుంటుంది. ఎల్ ఆకారం పూల్‌కు, వంకర తిరిగిన పూల్‌కు దానితో సమయం కలిసొస్తుంది. చిన్న దీర్ఘచతురస్రానికి, ఇష్టమొచ్చినట్టు తిరిగే రోబో కూడా రెండు గంటల్లో దాదాపు అన్ని చోట్లకూ వెళ్లి వస్తుంది. యాప్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. వైఫై, బ్లూటూత్ వాడే రేడియో తరంగాలు నీళ్లలో కొద్ది దూరం కూడా పోలేవు, నీళ్లు వాటిని మింగేస్తాయి. కేబుల్ రోబోల్లో యాప్‌తో మాట్లాడేది ఒడ్డు మీదున్న పెట్టె, అది కేబుల్ ద్వారా కిందికి కబురు పంపుతుంది. బ్యాటరీ రోబో మునిగిందంటే మామూలుగా మీ ఫోన్ మాట దానికి వినపడదు. పనికొచ్చేది వారంలో ఏ రోజుల్లో తిరగాలో పెట్టుకునే టైమర్ ఒక్కటే. అది యాప్ లేని మోడళ్లలో కూడా ఉంటుంది.

గోడలు ఎక్కడాన్ని మాత్రం నేను తక్కువ చేయను, పైన చెప్పిన జిడ్డు ఉన్న పూల్‌కు అది అవసరమే. సన్‌స్క్రీన్, ఒంటి నూనె నీటి మట్టం దగ్గర గీతలా పట్టుకుంటాయి, అక్కడ ఆగి రుద్దగలిగే రోబో కావాలి. ఎక్కడమెలా అంటే, పంపు వదిలే నీటి ధార రోబోను గోడకేసి నొక్కి పెడుతుంది, చక్రాలో, ట్యాంకుకున్నట్టు చుట్టూ తిరిగే పట్టాలో పైకి లాగుతాయి. కాబట్టి ధార తగ్గితే పట్టు తప్పుతుంది. మొదట్లో చక్కగా ఎక్కిన రోబో ఉన్నట్టుండి మానేసిందంటే సర్వీసుకు ఫోన్ చేసే ముందు బుట్ట కడిగి చూడండి. అప్పటికీ ఎక్కకపోతే గోడను తడిమి చూడండి, నాచు పట్టి జారుతోందేమో. మళ్లీ బుట్ట దగ్గరికే వచ్చాను, గమనించే ఉంటారు.

బ్రష్ ఎంపిక పూల్ లోపలి పూతను బట్టి. నున్నటి టైల్స్‌కు, ఫైబర్‌గ్లాస్‌కు స్పాంజి లాంటి పీవీఏ ఫోమ్ బ్రష్ పట్టునిస్తుంది. ఎండితే అది చెక్కలా బిగుసుకుంటుంది, తిప్పే ముందు కాస్త నాననివ్వాలి. గరుకు సిమెంటు పూతకు రబ్బరు, పీవీసీ బ్రష్‌లు సరిపోతాయి, కాకపోతే ఆ గరుకుకు పట్టాలు త్వరగా అరుగుతాయి. పూల్ లోపల పరిచే ప్లాస్టిక్ షీటు, అంటే వినైల్ లైనర్ మీద ముడతలుంటే చక్రాలు అక్కడే తచ్చాడతాయి.

అరిగేవాటి మాట వచ్చింది కాబట్టి, విడి భాగాలు. బ్రష్‌లు, పట్టాలు, చక్రాలు, బుట్ట మెష్, పంపులో నీళ్లు తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) ఎప్పటికైనా మార్చాల్సినవే. మోటార్ల పెట్టె సీలు చేసి ఉంటుంది, అది పోతే మొత్తంగా మార్చాలి. కొత్తగా పుట్టి, ఏడాదికో మోడల్ తెచ్చి, పాతదాని భాగాలు మానేసే కంపెనీలు ఈ మార్కెట్లో చాలానే ఉన్నాయి. కొనే ముందు ఒక పట్టా, ఒక బ్రష్ విడిగా కొనాలనుకుంటున్నట్టు వెతికి చూడండి. దొరికితే ఆ రోబోకు భవిష్యత్తు ఉన్నట్టు. వారంటీ ఎన్నేళ్లన్నదాని కంటే అందులో కేబుల్, సప్లై పెట్టె, మోటారు ఉన్నాయా లేదా, రిపేరుకు పంపే ఖర్చు ఎవరిది అన్నవే ముఖ్యం. ఉచితంగా ఇచ్చే పైకవర్లూ, చక్రాల స్టాండ్లూ చూసి మోసపోకండి. స్టాండ్ మాత్రం నిజానికి పనికొస్తుంది.

తెచ్చుకున్నాక చాకిరీ కొంచెమే. పని అయ్యాక పైకి తీయాలి, వదిలేస్తే క్లోరిన్ నీళ్లు ప్లాస్టిక్‌నూ రబ్బరునూ తింటాయి. బుట్టను తడిగా ఉండగానే కడగాలి, ఎండిన బురద మెష్‌లోంచి వదలదు. నీడలో పెట్టాలి. పూల్‌కు షాక్ వేసిన రోజున, అంటే ఒకేసారి ఎక్కువ క్లోరిన్ వేసిన రోజున దింపకూడదు. క్లోరిన్ 4 పీపీఎమ్ (పది లక్షల్లో 4 వంతులు) దాటితే దింపొద్దని కొన్ని మాన్యువల్స్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది.

అసలు రోబో అక్కర్లేని పూల్స్ కూడా ఉన్నాయి. నాలుగు మీటర్లు దాటని పూల్, పైన కప్పో కవరో ఉన్నది, చెట్లు లేని చోట ఉన్నది అయితే చేత్తో వాక్యూమ్ పట్టడం కాసేపటి పని. ఆ డబ్బుతో మంచి కవరు కొంటే చెత్త పడటమే తగ్గుతుంది. మా పిన్ని అలాంటి పూల్‌కు రోబో కొంటానంటే ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పాను. శ్రద్ధగా విని, "నిజమేరా" అని, తర్వాతి వారం కొనేసింది. అవసరమేముంది పిన్నీ అంటే, సాయంత్రం పూట ఒడ్డున కూర్చుని అది అడుగున తిరుగుతుంటే చూడటం బాగుంటుందట. ఆవిడ కొన్నదాని బుట్ట 180 మైక్రాన్లు, పైనుంచి తీసే రకం. పడేదంతా నాలుగు పూరేకులే కాబట్టి సరిపోతోంది.